ఆంప్లిఫయరులో ఫ్యూజు పోతే?

పాటలు పాడుతున్న ఆంప్లిఫయరు ఉన్నట్టుండి మూగబోతుంది. ముందున్న చిన్న దీపం ఆరిపోతుంది. ఇంట్లో మిగతా బల్బులు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. వెనకవైపు మూత విప్పి చూస్తే, చిన్న గాజుగొట్టంలో సన్నని తీగ తెగి కనిపిస్తుంది. ఫ్యూజు పోయిందన్నమాట! బతుకమ్మ ఆటల వేళ ఇలా జరిగితే, "కాస్త వెండికాగితం చుట్టు, పాట వస్తుంది" అని సలహా ఇచ్చేవారు మహబూబ్‌నగర్‌లోనూ ఉంటారు, మరే ఊళ్లోనైనా ఉంటారు. పాట వచ్చినా రావచ్చు. కాని ఆ సలహా ఎందుకు ప్రమాదకరమో తెలుసుకుందాం.

తీగలో కరెంటు ప్రవహిస్తే వేడి పుడుతుంది. ఎంత వేడి పుడుతుందో 1840 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ ప్రయోగాలు చేసి కనుగొన్నాడు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలవుతుంది. ఫ్యూజు తీగ మిగతా తీగలకంటే సన్నగా ఉంటుంది గనుక అదే ముందుగా వేడెక్కి, కరిగి తెగిపోతుంది. దారి తెగితే కరెంటు ఆగుతుంది.

ఇంతకూ కరెంటు హద్దు మీరితే ఆపేవారు ఇంకెవరూ లేరా? జూరాల ప్రాజెక్టునే తీసుకోండి. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ ప్రాజెక్టు 2016 నుంచి జోగుళాంబ గద్వాల జిల్లాలో ఉంది. అక్కడ కృష్ణ నీటితో తిరిగే యంత్రాలు ఆరు. ఒక్కొక్కటి 39 మెగావాట్ల చొప్పున మొత్తం 234 మెగావాట్లు. ఇలాంటి ఎన్నో కేంద్రాలు ఒకే తీగల వలలో కలిసి ఉంటాయి. ఆంప్లిఫయరు ఎక్కువ కరెంటు లాగితే అవి కాదనవు. మీ ఇంటి బోర్డులోని ఫ్యూజు కూడా ఇల్లంతటికీ సరిపడేంత పెద్దది. ఆంప్లిఫయరు కాలుతున్న సంగతి దానికి తెలియకపోవచ్చు. పెట్టెకు కావలి ఆ గాజుగొట్టమే.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. 150 వాట్లు లాగే ఆంప్లిఫయరును 230 వోల్టులపై నడిపితే కరెంటు సుమారు 0.65 ఆంపియరు. దానికి తయారీదారు 1 ఆంపియరు ఫ్యూజు పెట్టాడనుకుందాం. దాని బదులు 5 ఆంపియర్లది పెడితే ఏమవుతుంది? లోపల ఏదైనా చెడినప్పుడు 5 ఆంపియర్ల కరెంటునైనా అది నిశ్చింతగా పోనిస్తుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు తీగచుట్టలో పుట్టే వేడి, 1 ఆంపియరు దగ్గర పుట్టేదానికి 25 రెట్లు! తీగ మీది వార్నిష్ మాడుతుంది, పొగ వస్తుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. వెండికాగితానికైతే హద్దే లేదు.

ఫ్యూజు మీద ఆంపియర్ల అంకెతోపాటు ఇంగ్లీషు అక్షరం ఒకటి ఉంటుంది, గమనించండి. 'టి' అంటే నెమ్మదిగా తెగేది, 'ఎఫ్' అంటే చురుకుగా తెగేది. ఇవి జర్మన్ మాటల మొదటి అక్షరాలు. స్విచ్ వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి వెంటనే తగ్గుతాయి. 'టి' ఫ్యూజు ఆ క్షణాన్ని ఓర్చుకుంటుంది. 'ఎఫ్' రకం ఓర్చుకోలేక, ఏ లోపమూ లేకున్నా తెగిపోవచ్చు. అందువల్ల అంకె, అక్షరం రెండూ పాతదానితో సరిపోవాలి.

మార్చేటప్పుడు పెద్దవారిని దగ్గర ఉంచుకోండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పూర్తిగా పీకాలి. వైర్లు తారుమారై ఉంటే స్విచ్ ఆపినా ఫ్యూజు దగ్గర కరెంటు ఉంటుంది. వెనకవైపు బయటినుంచి విప్పే ఫ్యూజునే మార్చండి. పెట్టె మూత తెరవద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. వీధిలో బల్బులు మామూలుకన్నా మరీ ప్రకాశంగా వెలుగుతుంటే న్యూట్రల్ తీగ తెగి ఉండవచ్చు. అప్పుడు ఇళ్లలోకి 230 కంటే చాలా ఎక్కువ వోల్టులు వస్తాయి. లైన్‌మన్ వచ్చి సరిచేసేదాకా ఆగండి.

కొత్త ఫ్యూజు వెంటనే పోయిందా? ఇక మూడోది వేయకండి. పవర్ ట్రాన్సిస్టరో, డయోడో షార్టయి ఉండవచ్చు. మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లండి. ఆయన పాతరకం ఫిలమెంటు బల్బును ఆంప్లిఫయరుతో సిరీస్‌లో కలిపి స్విచ్ వేస్తాడు. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే షార్టు లేదని, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉందని చెబుతాడు.

ఇప్పుడు మీకొక ప్రశ్న. తెగిన ఫ్యూజు మీద 'టి', 2 ఆంపియర్లు అని ఉంది. దుకాణంలో 'టి' 5 ఆంపియర్లు, 'ఎఫ్' 2 ఆంపియర్లు మాత్రమే ఉన్నాయి. ఈ పూట పాటలు కావాలని ఇంట్లో అందరూ తొందరపెడుతున్నారు. మీరు ఏది కొంటారు? ఎందుకు? జవాబు కాగితం మీద రాసి, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.