పరిశోధన ముగిసిన తరువాత

రాజవొమ్మంగి, మారేడుమిల్లి మొదలైన మన్యసీమలలో నివసించే కొండరెడ్లను గూర్చి విపులమైన గ్రంథం రచించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడైన ఈయన 1941లో గోదావరి తీరపు కొండపల్లెలకు వెళ్లి, అచటి పోడు వ్యవసాయాన్నీ, జీలుగు కల్లు సేకరణనూ, పండుగలనూ పరిశీలించారు. గ్రంథం 1945లో వెలువడింది. అంతటితో ఆ పరిశోధన ముగిసినట్లే.

కాని సేకరించిన సమాచారంలో గ్రంథానికెక్కేది కొంతే. ఆయన జీవితకాలంలో కూడిన దినచర్య పుస్తకాలు, ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు ఎన్నో! 1995లో ఆయన మరణించినా అవి చెదరిపోలేదు. ఆయన ఆచార్యులుగా పనిచేసిన లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థ వాటిని భద్రపరచి, ఛాయాచిత్రాలను అంతర్జాలంలో అందరికీ అందుబాటులో ఉంచింది. పోడు కొట్టిన కొండవాలు చిత్రం ఒకటి ఉన్నదనుకొందాం. అది ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో తెలియకపోతే వట్టి బొమ్మ. తెలిస్తే చరిత్రకు సాక్ష్యం. మన తాళపత్ర లేఖకులు గ్రంథాంతంలో సంవత్సరమూ తిథీ వ్రాసి ఉంచడం ఎంత మేలు చేసిందో సాహిత్య పరిశోధకులకు తెలుసు.

అయితే భద్రపరచడం వేరు, పంచుకోవడం వేరు. ఆ చిత్రాల వివరాలు ఆంగ్లంలో ఉన్నాయి. తాతగారి పల్లె పేరును తెలుగు లిపిలో వెదికే కొండరెడ్డి విద్యార్థికి అవి దొరకడం కష్టం. ఆ చిత్రాలను పల్లెలకు తెచ్చి చూపితే, పరిశోధకుడు వ్రాసుకోని మనుషుల పేర్లు, చెట్ల పేర్లు వృద్ధులు చెప్పగలరు. 1941లో ఉయ్యాలలో ఉన్నవారికే నేడు ఎనభై ఏళ్లు దాటాయి.