ప్రశ్నలు – జవాబులు: పెరటి మూలికలు, చేతి శుభ్రము

చేతుల శుభ్రతను గూర్చి మాకు వచ్చిన లేఖలలో, ప్రకృతిసిద్ధమైన శానిటైజరును ఇంటనే చేసికొనుటను గూర్చినవే మెండు. వానిలో కొన్నింటిని ఏరి, జవాబులతో ఇచట ప్రకటించుచున్నాము.

ప్రశ్న: వేపాకు, తులసి, పసుపు వేసి మరిగించిన నీళ్ళు వడగట్టి, కాస్త హారతి కర్పూరం కలిపి సీసాలో పోసుకుంటున్నాం. బడికి వెళ్ళే మా అబ్బాయికి కూడా ఒక సీసా ఇస్తున్నాను. కొన్న శానిటైజరు బదులు ఇది సరిపోతుందాండీ?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: సరిపోదమ్మా. వేపయందును పసుపునందును సూక్ష్మజీవులను అణచు గుణములు కొన్ని కలవన్న మాట నిజమే. వాని సారములను గాఢముగా తీసి ప్రయోగశాలలలో పరీక్షించినపుడు ఆ గుణములు కనబడినవి కూడ. కాని గుప్పెడు ఆకులను గిన్నెడు నీటిలో మరిగించినపుడు ఆ సారము నీటిలోనికి ఎంత దిగినదో, అరచేతిలో ఉన్న ఆ కొద్ది క్షణములలో అది ఏమి చేయగలదో కొలిచి చూచుటకు ఇంటిలో సాధనము లేదు. పైగా, ఉదయము కాచిన కషాయము మన ఎండలకు మరునాటికే మడ్డిదేరి, అడుగున జిగట పట్టి, మూత తీయగానే పులిసిన వాసన కొట్టుట మీరును చూచియే యుందురు. అనగా సూక్ష్మజీవులను చంపవలెనని చేసికొన్న ద్రవమునందే అవి కాపురము పెట్టినవన్నమాట. కర్పూరపు పరిమళము ఆ పులుపును కప్పిపుచ్చునే కాని, దాని కారణమును పోగొట్టదు. కర్పూరము పిల్లల కడుపులోనికి పోయినచో మూర్ఛలు తెప్పించు ప్రమాదమును కలదు గనుక, ఆ సీసాను అబ్బాయి సంచిలోనుండి నేడే తీసివేయుడు.

పరిమళమునకును శుభ్రతకును గల సంబంధమును గూర్చి ఒక్క మాట. 1847లో వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అను వైద్యుడు, శవపరీక్షలు ముగించుకొని నేరుగా ప్రసూతిగదికి వచ్చు వారిచేత, బ్లీచింగు సున్నము కలిపిన నీటితో చేతులు కడిగించెను. శవముల కంపు సబ్బునకు వదలక ఆ నీటికి వదలుటను బట్టి, కంపుతోపాటు దానికి మూలమైన పదార్థమును వదలుచున్నదని ఆయన ఊహించెను. ఆ వెంటనే బాలెంతల మరణములు గణనీయముగా తగ్గెను. ఆయన చెడువాసన పోవుటను గురుతుగా పట్టుకొనెను. మనమో, మంచివాసన చేరుటను గురుతుగా పట్టుకొనుచున్నాము.

ప్రశ్న: మందుల దుకాణంలో దొరికే 70 శాతం స్పిరిట్ రెండు పాళ్ళు, కలబంద గుజ్జు ఒక పాలు కలిపి, నాలుగు చుక్కల నీలగిరి తైలం వేస్తే మంచి శానిటైజరు అవుతుందని విన్నాను. నిజమేనా?
— ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: నాయనా, దీనికి రసాయనశాస్త్రము అక్కరలేదు, కూడికలు భాగహారములు చాలును. శానిటైజరు నమ్మకముగా పనిచేయవలెనన్న, దానియందు ఆల్కహాలు నూటికి 60 పాళ్ళకు తగ్గరాదు. నీవు చెప్పిన స్పిరిటు 200 మిల్లీలీటర్లలో ఆల్కహాలు 140 మాత్రమే. దానికి 100 మిల్లీలీటర్ల గుజ్జు చేరగా, మొత్తము 300లో 140 అయి, నూటికి 47 పాళ్ళకు దిగజారును. అదే కొలతకు 99 పాళ్ళ ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడినచో 66 పాళ్ళు నిలుచును గాని, ఆ తేడాను గమనింపక, చేతికందిన స్పిరిటుతో అదే కొలత పాటించువారే ఎక్కువ. అట్లని నీరు బొత్తిగా లేకుండుటయు మేలు కాదు. సూక్ష్మజీవిలోని ప్రోటీనులను ఆల్కహాలు విరుగగొట్టుటకు కొంత తేమ తోడు కావలెను గనుక, నూరుపాళ్ళ ఆల్కహాలు కంటె 80 పాళ్ళదే బలమైనది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు ప్రకటించిన సూత్రము ఒకటి కలదు. లీటరు ద్రవమునకు 96 పాళ్ళ ఇథనాల్ 833 మిల్లీలీటర్లు, 3 పాళ్ళ హైడ్రోజన్ పెరాక్సైడు సుమారు 42, గ్లిసరిన్ 14.5, తక్కినదంతయు కాచి చల్లార్చిన నీరు. కలిపిన పిదప మూతబిగించి 72 గంటలు కదపక ఉంచవలెను. సీసాలో మిగిలియున్న బీజకణములను పెరాక్సైడు ఆ లోపల నశింపజేయును. గ్లిసరిన్ చర్మము పగులకుండుటకు. సువాసన తైలమునకు ఇందులో చోటే లేదు. అయితే ఈ సూత్రము కొలతలయందు శిక్షణ పొందిన ఔషధశాలల వారికై వ్రాయబడినది; గాఢమైన ఆల్కహాలు ఆవిరి సయితము నిప్పు తగిలిన భగ్గున అంటుకొనునది గనుక, పొయ్యియు దీపమును ఉన్న ఇంటిలో దీనిని కలుపుట తగదు. కలబంద మీద మక్కువ యున్నచో, చేతులు ఆరిన పిదప వేరుగా రాచుకొనుము.

ప్రశ్న: ఇంట్లో రమ్ము ఉంది. అదీ ఆల్కహాలే కదా, చేతులకు రాసుకుంటే పోలేదా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, విజయనగరం

జవాబు: అయ్యా, మన దేశపు రమ్ము సీసాపై 42.8 అని అచ్చువేసియుండుట మీరు చూచియుందురు. పైన చెప్పిన 60 పాళ్ళకు అది చాలదు. దీనికి విపరీతమైన పొరపాటు మరియొకటి కలదు. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, మద్యమునకు మారుగా శానిటైజరు త్రాగి పదిమందికి తక్కువగాక మరణించిరి. చేతికి ఉద్దేశించినది నోటికిని, నోటికి ఉద్దేశించినది చేతికిని పనికిరావని గ్రహింప ప్రార్థన.

ప్రశ్న: మా నాయనమ్మ కుంకుడు రసంతోనే తల అంటుకునేది, చేతులూ కడుక్కునేది. ఈ రోజుల్లోనూ అది పనికొస్తుందా? ఎలా చేసుకోవాలి?
— ఒక యువతి, నంద్యాల

జవాబు: తల్లీ, ఇన్ని ఉత్తరములలో మాకు ప్రీతి కలిగించినది నీ ప్రశ్నయే, పెరటి చెట్టు వలన చేతులకు నిజముగా ఉపకారమున్న చోటు ఇదియే గనుక. కుంకుడు పెచ్చులయందు సపోనిన్లు అను పదార్థములు కలవు. వాని యందొక కొస నీటిని, వేరొక కొస జిడ్డును ఆశ్రయించును. కావున చేతి జిడ్డును, దానికి అంటియున్న మురికిని, సూక్ష్మజీవులను చర్మమునుండి వదలించి, పారునీటికి అప్పగించును. ఇది చంపుట కాదు, కడిగి పంపుట. చేతులకు కావలసినది చాలవరకు ఇదియే.

పది పన్నెండు కాయలను రాతితో చితుకగొట్టి, నల్లని గింజలను ఏరివేసి, పెచ్చులను రెండు గ్లాసుల వేడినీటిలో రాత్రి నానవేయుము. ఉదయమునకు గట్టి పెచ్చు మెత్తబడి, వ్రేళ్ళ నడుమ జారుచు, పిసికిన కొలదియు తెల్లని నురుగు గిన్నె అంచులకు ఎక్కును. పలుచని గుడ్డలో వడగట్టి, ఆ దినమునకు చాలునంత మాత్రమే ఉంచుకొనుము. నిలువ చేసినచో ఇదియు పులియును. కంటిలో పడనీయకుము, ఆ మంట నీవెరుగనిది కాదు. అయితే కాయకు కాయకు బలము మారును గనుక, మరుగుదొడ్డికి పోయి వచ్చినపుడు, పసిబిడ్డకు అన్నము పెట్టుటకు ముందు, ఇంట రోగి యున్నపుడు మాత్రము సబ్బునే వాడుము.

ప్రశ్న: మా బడిలో మూడు వందలమంది పిల్లలు. సబ్బు పెడితే మాయమవుతోంది. అందరికీ శానిటైజరు కొనడమే మేలా?
— ఒక ఉపాధ్యాయిని, సిద్దిపేట

జవాబు: అమ్మా, మట్టిలో ఆడి వచ్చిన చేతులమీద శానిటైజరు మట్టిని తడుపునే కాని తొలగింపదు, నులిపురుగుల గ్రుడ్లను, వాంతులు విరేచనములు కలిగించు నోరోవైరస్ వంటి వానిని ఆల్కహాలు నమ్మకముగా చంపజాలదు. కావున బడిలో నీరును సబ్బునే ప్రధానముగా పెట్టుకొని, కుళాయి దొరకని ప్రయాణములకు శానిటైజరును ఉంచుకొనుడు. సబ్బుబిళ్ళను వలసంచిలో కట్టి కుళాయికి వ్రేలాడదీసినచో అది ఎక్కడికిని పోదు, నీటిలో నాని కరగదు. లేదా, నీళ్ళ సీసాలో కొద్దిగా బట్టల సబ్బుపొడి కరగించి, మూతకు సూదితో బెజ్జము చేసి కుళాయి కడ ఉంచినచో, తక్కువ ఖర్చుతో తరగతి యంతటికి సరిపోవును. ఆ సీసాను తాము దొంగిలించుకొని పోదగినదిగా పిల్లలు భావింపరు. అరచేతులు మాత్రమే గాక, వ్రేళ్ళ సందులు, బొటనవ్రేళ్ళు, గోళ్ళ అడుగులు కూడ రుద్దునట్లు, కడుగుట 20 సెకనులకు తగ్గకుండునట్లు చూడుడు. రెండవ ఎక్కము మెల్లగా ఒకమారు అప్పగింపించినచో కాలమును సరిపోవును, ఎక్కమును వచ్చును.