ఎనిమిది గంటలు పడుకున్నా అలసటేనా?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. టాక్సీ నడుపుతారు. రాత్రి పదికల్లా పడుకుని ఆరింటికి లేస్తారు. అయినా లేచేసరికి తల దిమ్ముగా ఉంటుంది, నోరు పిడచగట్టుకుపోతుంది. పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తారు. గురక పక్కింటికి వినిపిస్తుంది. ‘అంత గురకపెట్టి పడుకునేవాడికి నిద్రకేం లోటు?’ అంటారు మా అత్తగారు. బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా అదుపులోకి రావడం లేదు. బలానికి టానిక్కు ఏదైనా చెప్పండి.
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: టానిక్కుతో పోయేది కాదమ్మా ఇది. గురక గాఢనిద్రకు గుర్తని చాలా ఇళ్లలో అనుకుంటారు. నిజానికి గొంతులో గాలి దారి ఇరుకైతే వచ్చే చప్పుడది. గురక, పొద్దున నోరెండిపోవడం, పగటి కునుకు, మందులకు లొంగని బీపీ – ఇవన్నీ ఒకే మనిషిలో కనిపిస్తే ముందు స్లీప్ ఆప్నియాను అనుమానించాలి.

నిద్రలో అందరికీ గొంతు కండరాలు వదులవుతాయి. కొందరికి గాలి దారి పూర్తిగా మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. వెంటనే మెదడు మేలుకుని ఊపిరి అందేలా చేస్తుంది. ఆ మెలకువ కొన్ని సెకన్లే కాబట్టి పొద్దునకు గుర్తుండదు. ఇలా రాత్రంతా జరుగుతుంటే ఎనిమిది గంటలు మంచం మీదున్నా ఒంటికి విశ్రాంతి ఉండదు.

ఈ రాత్రి ఆయన నిద్రపోయాక కాసేపు పక్కన కూర్చుని గమనించండి. గురక పెరిగి పెరిగి టక్కున ఆగిపోతుందా? ఛాతీ, పొట్ట కదులుతున్నా పది, ఇరవై సెకన్ల పాటు ఊపిరి చప్పుడే లేక, ఆపైన ఉక్కిరిబిక్కిరై ఒక్కసారిగా గాలి పీల్చుకుంటున్నారా? అలా ఉంటే ఫోన్‌లో వీడియో తీసి, ఊపిరితిత్తుల డాక్టరుకో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించండి. వాళ్లు స్లీప్ స్టడీ రాస్తారు. నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, తగ్గుతోందో అందులో తేలుతుంది. 5 లోపైతే మామూలే. 30 దాటితే తీవ్రమైన జబ్బు కింద లెక్క.

జబ్బు ఉందని తేలితే బెంగపడొద్దు. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సలివన్ బృందం వివరించిన సీప్యాప్ యంత్రమే ఇప్పటికీ ప్రధాన చికిత్స. మాస్కు ద్వారా కాస్త ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. మొదట్లో చిరాకనిపిస్తుంది. మాస్కు సైజు మార్పించుకోండి గానీ యంత్రాన్ని అటకెక్కించకండి. బరువు ఎక్కువుంటే తగ్గాలి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవాలి. మందు అలవాటుంటే మానాలి. సొంతంగా నిద్రమాత్రలు వేసుకోకూడదు.

అన్నిటికన్నా నన్ను భయపెడుతున్నది ఆయన పని. పరీక్ష, చికిత్స అయ్యేదాకా స్టీరింగ్ పట్టనివ్వకండి. కిరాయి పోతే మళ్లీ వస్తుంది.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. గురక లేదు. ఏడు గంటలు పడుకున్నా నీరసంగానే లేస్తాను. ఆదివారం మాత్రం పదకొండు దాకా లేవలేను. సాయంత్రం రెండు టీలు తాగందే పని సాగదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువ.
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: నీ చివరి మాటే ముఖ్యమైనదమ్మా. ముందు రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ మూడూ చూడాలి. నీ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనతే. ఇనుము తక్కువైతే రాత్రిళ్లు కాళ్లు నిలకడగా ఉండక నిద్ర చెడటమూ ఉంది. రక్తస్రావం సంగతి గైనకాలజిస్టుతో దాచకుండా చెప్పు.

ఆదివారం పదకొండుకు లేస్తే ఆ రాత్రి నిద్ర ఎలా వస్తుంది? సోమవారం నీరసం అక్కడే మొదలవుతుంది. సెలవైనా రోజూ లేచే వేళకు ఓ గంట మించి ఆలస్యం చేయకు. టీలో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. కాబట్టి మధ్యాహ్నం రెండు తర్వాత టీ మానేయి. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే వాటిని టీతో గానీ కాఫీతో గానీ వేసుకోకు, ఒంటికి సరిగ్గా పట్టవు.