సంచార గృహంలో ఉపగ్రహ ప్రసారాలు

పూర్వం మన పల్లెల నుండి తీర్థయాత్రలకు బయలుదేరే కుటుంబాలు గూడుబండి కట్టుకొని, వంటపాత్రలు, దుప్పట్లు అందులోనే సర్దుకొని సాగేవి. ఐరోపా, అమెరికా దేశాలలో వాడుకలో ఉన్న మోటార్‌హోమ్ ఆ గూడుబండికి ఆధునిక రూపమని చెప్పవచ్చు. మన చలనచిత్ర నటులు చిత్రీకరణ స్థలాలలో విశ్రాంతికి వాడే క్యారవాన్ వంటిదే ఇది. పడక, వంటగది, స్నానాల గది, నీటితొట్టి అన్నీ ఒకే వాహనంలో ఇమిడి ఉంటాయి. బ్రిటన్‌లో పదవీ విరమణ చేసిన దంపతులు అనేకులు చలికాలం రాగానే ఇటువంటి వాహనంలో స్పెయిన్, పోర్చుగల్ తీరాలకు తరలివెళ్లి, వసంతం వచ్చేదాకా అక్కడే గడుపుతారు. పరదేశంలో నెలల తరబడి ఉండేవారికి సొంత భాషలో సాయంకాలపు వార్తలు వినడం ఇంటితో మిగిలిన బంధాలలో ఒకటి. అయితే కదిలే ఇంటిలో ఉపగ్రహ ప్రసారాలను అందుకోవడం, కార్యక్రమాలను నమోదు చేసి దాచుకోవడం మేడమీద డిష్ బిగించుకున్నంత తేలిక కాదు.

భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం, భూమి తనచుట్టూ తాను ఒకసారి తిరిగేలోగా ఒక ప్రదక్షిణ పూర్తి చేస్తుంది. కాబట్టి నేల మీద ఉన్నవారికి అది ఆకాశంలో ఒకేచోట నిలిచి ఉన్నట్లే లెక్క. ఇటువంటి మూడు ఉపగ్రహాలతో ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చునని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే ప్రతిపాదించాడు. మూడు దశాబ్దాల తరువాత మన పల్లెలు ఆ ఊహకు ప్రత్యక్ష సాక్షులయ్యాయి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సహాయంతో జరిగిన 'సైట్' ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలు నేరుగా ఉపగ్రహం నుండి దూరదర్శన కార్యక్రమాలను అందుకున్నాయి. అప్పటి గ్రామీణ డిష్ దాదాపు మూడు మీటర్ల వెడల్పు ఉండేది. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో దానిని తయారుచేసేవారు. కొలంబోలో నివసించిన క్లార్క్ ఇంటికి కూడా భారతీయ ఇంజనీర్లే వెళ్లి ఆ ప్రసారాలను అందుకునే పరికరాన్ని అమర్చడం ఒక ముచ్చట.

నాటి ప్రసారం 860 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో జరిగింది. నేటి ఇంటింటి ప్రసారాలు సుమారు 12 గిగాహెర్ట్జ్ వద్ద, అంటే దానికి పద్నాలుగు రెట్ల పౌనఃపున్యంలో జరుగుతాయి. పౌనఃపున్యం పెరిగే కొద్దీ అంతే పరిమాణం గల డిష్ మరింత సూటిగా చూడగలుగుతుంది. ఉపగ్రహాల ప్రసారశక్తి పెరగడం కూడా తోడై, 60 సెంటీమీటర్ల పళ్లెం సరిపోయే స్థితి వచ్చింది. వాహనం పైకప్పు మీద డిష్ పెట్టుకోవడం సాధ్యమైనది అందువల్లనే.

సూటిగా చూడటంలో ఒక చిక్కు కూడా ఉంది. అంతటి డిష్ చూపు రెండు మూడు డిగ్రీల వెడల్పుకు మించదు. బ్రిటన్ ప్రసారాలను మోసుకొచ్చే ఆస్ట్రా ఉపగ్రహాలు 28.2 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నాయి. లండన్ నుండి చూస్తే అవి ఆగ్నేయ దిశలో, దిగంతానికి 25 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటాయి. హైదరాబాదులో దూరదర్శన్ వారి ఉచిత డిష్ ప్రసారాల కోసం ఆకాశంలోకి దాదాపు 63 డిగ్రీల ఎత్తున చూస్తాము. ఈ తేడా సామాన్యమైనది కాదు. డిష్ కంటే పది మీటర్లు ఎత్తైన చెట్టు హైదరాబాదులో ఐదు మీటర్ల దూరంలో ఉన్నా అడ్డు రాదు. లండన్‌లో ఆ చెట్టు 21 మీటర్ల దూరంలో ఉండాలి. నీడపట్టున బండి ఆపాలనే కోరిక సహజమైనదే గాని, ఆ నీడే ప్రసారాన్ని మింగివేస్తుంది. బండి నేలపై సమంగా నిలవకపోయినా, లోపల మనుషులు నడిచినప్పుడు ఊగినా చిత్రం చెదిరిపోతుంది. అందుకే ముందుగా జాకీలు దింపి, బండిని స్థిరపరచిన తరువాతనే డిష్‌ను తిప్పడం మొదలుపెడతారు.

డిష్ అమర్చే పద్ధతులు రెండు. పైకప్పుకు బిగించి, మీట నొక్కగానే ఉపగ్రహాన్ని తానే వెతుక్కొనే స్వయంచాలక డిష్ ఒకటి. ముక్కాలి పీటపై బయట నిలిపి, చేతితో సరిచేసే డిష్ మరొకటి. మొదటిది సుఖమైనదే. కాని ధర ఎక్కువ. పైకప్పుకు రంధ్రాలు వేయాలి. వాటి చుట్టూ పూత సరిగా పడకపోతే వాననీరు లోపలి చెక్కను పుచ్చిపోయేలా చేస్తుంది. రెండవదానికి ఓపిక కావాలి. అయినా బండిని నీడలో నిలిపి, పొడవైన తీగతో డిష్‌ను మాత్రం ఎండలోకి తీసుకుపోవడం దానితోనే సాధ్యం. తరచు ఒకేచోట వారాల తరబడి ఆగేవారికి ఈ చవకైన పద్ధతే మేలైనది.

ప్రయాణించే కొద్దీ మారేది దిశ ఒక్కటే కాదు. డిష్ ముందు భాగాన ఉండే ఎల్‌ఎన్‌బి అనే చిన్న గ్రాహకాన్ని కూడా ఊరిని బట్టి కొంత వంచి పెట్టాలి. లండన్‌కూ దక్షిణ స్పెయిన్‌కూ మధ్య ఈ వంపులో సుమారు 15 డిగ్రీల తేడా వస్తుంది. అది సరిచేసుకున్నా ఆ దంపతులకు నిరాశ తప్పకపోవచ్చు. 2012, 2014 సంవత్సరాల మధ్య ప్రయోగించిన కొత్త ఆస్ట్రా ఉపగ్రహాలు బ్రిటన్ కార్యక్రమాలను ప్రధానంగా ఆ దీవులపైనే కేంద్రీకరించి ప్రసారం చేయసాగాయి. ఉత్తర ఫ్రాన్సులో చక్కగా పనిచేసే డిష్ దక్షిణ స్పెయిన్ చేరేసరికి మూగబోతుంది. పైకప్పు మోయగల డిష్ ఏదీ అక్కడ చాలదు.

నమోదు యంత్రానికి విలువ పెరిగేది ఇక్కడే. బయలుదేరే ముందు ఇంటివద్దనే కార్యక్రమాలను నింపుకొని తీసుకుపోవచ్చు. ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్‌లో హై డెఫినిషన్ కార్యక్రమాలు సుమారు 250 గంటలు పడతాయి. అయితే సాధారణ ఐరోపా ఎల్‌ఎన్‌బి నుండి వచ్చే ఒక తీగ ఒక సమయంలో ఉపగ్రహ ప్రసారాలలో నాలుగో వంతును మాత్రమే మోయగలదు. 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 వోల్టులు పంపితే అడ్డ తరంగాలు. 22 కిలోహెర్ట్జ్ సంకేతం ఉందా లేదా అన్నదానిని బట్టి పై భాగమో కింది భాగమో వస్తుంది. కాబట్టి ఒకటి చూస్తూ మరొకటి నమోదు చేయాలంటే పైకప్పు నుండి రెండు తీగలు దించాలి. ఒకే రంధ్రం గుండా ఈ రెండింటినీ మొదటిసారే దించుకోవడం వివేకం. నమోదైన కార్యక్రమాలు చాలా యంత్రాలలో ఆ యంత్రానికే పరిమితమైన రహస్య సంకేతంతో భద్రమవుతాయి. యంత్రం చెడిపోతే డిస్క్‌ను ఊడదీసి మరొకదానిలో పెట్టినా అవి తెరుచుకోవు.

అన్నిటికంటె గట్టి లెక్క విద్యుత్తుది. వంద ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో సగం మాత్రమే వాడుకోవడం క్షేమం. అంటే 12 వోల్టుల వద్ద చేతికందేది 600 వాట్-గంటలు. టీవీకి 30 వాట్లు, రికార్డర్‌కు 25 వాట్లు అనుకుంటే, నాలుగు గంటల వీక్షణకు 220 వాట్-గంటలు ఖర్చవుతాయి. ఇది భరించదగినదే. కాని తెర ఆపిన తరువాత కూడా రికార్డర్ నిద్రావస్థలో 10 వాట్లు తాగుతూ ఉంటే, మిగిలిన ఇరవై గంటలలో 200 వాట్-గంటలు ఎవరికీ కనబడకుండా కరిగిపోతాయి. చూసిన దానికి అయినంత ఖర్చు దాదాపు చూడని దానికీ అవుతుంది! నీటిపంపు, దీపాలు, వెచ్చని గాలిని వీచే హీటర్ ఫ్యాను కూడా ఆ బ్యాటరీ మీదనే ఆధారపడతాయి. మంచు కురిసే రాత్రి అది అడుగంటితే గ్యాసు నిండుగా ఉన్నా హీటర్ నిలిచిపోతుంది. వృద్ధ దంపతులకు అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. కనుక 12 వోల్టులతోనే నేరుగా నడిచే టీవీని ఎన్నుకొంటారు. ఇన్వర్టర్ ద్వారా నడిపితే మార్పిడిలో కొంత శక్తి వృథా అవుతుంది. రాత్రి నమోదు లేనప్పుడు రికార్డర్ స్విచ్చిని పూర్తిగా ఆపివేస్తారు.

బండి కదిలే ముందు కూడా ఈ ఆపివేత అవసరమే. తిరుగుతున్న హార్డ్ డిస్క్‌పై చదివే ముల్లు వెంట్రుక మందం కంటె ఎన్నో రెట్లు తక్కువ ఎత్తున తేలుతుంటుంది. గతుకుల దారిలో అది పలకను తాకితే నెలల సేకరణ పోతుంది. డిష్ లేచి ఉండగా బండిని నడపడం మరింత ప్రమాదం. అందుకే మంచి స్వయంచాలక డిష్‌లు ఇంజను తాళం తిప్పగానే ముడుచుకొనేట్లు తయారవుతాయి. బ్రిటన్ చట్టం ప్రకారం ప్రయాణంలో ఉన్నప్పుడు టీవీ తెర డ్రైవరుకు కనబడకూడదు.

2022 నుండి మోటార్‌హోమ్ యజమానులకు స్టార్‌లింక్ ఇంటర్నెట్ సేవ కూడా అందుబాటులోకి వచ్చింది. దాని ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తుననే వేగంగా సాగిపోతుంటాయి. యాంటెన్నా ఒకదాని తరువాత ఒకదానిని పట్టుకుంటూ ఉంటుంది. దిశ సరిచేసే శ్రమ చాలావరకు తగ్గింది. విద్యుత్ ఖర్చు మాత్రం పెరిగింది. ప్రామాణిక యాంటెన్నా ఒక్కటే టీవీ కంటె ఎక్కువ వాడుతుంది. దానికి ఆకాశంలో ఒక్క బిందువు కాక విశాలమైన భాగం కనబడాలి కాబట్టి, చెట్టు కింద బండి ఆపినవారికి అక్కడా ఇబ్బంది తప్పదు.