కంప్యూటరు తనంతట తానే ఆగుచున్నచో

పనిచేయుచున్న కంప్యూటరు హఠాత్తుగా ఆగి మరల మొదలైనచో యంత్రమే చెడినదని మనము తలంతుము. పలుమారులు చెడినది యంత్రము కాదు. తెరవెనుక నడచు సిస్టమ్ ప్రాసెస్ ఒకటి కూలియుండును.

2003 ఆగస్టులో బయల్పడిన బ్లాస్టర్ వైరస్ ఇందుకు నిదర్శనము. అది ఇంటర్నెట్టు ద్వారా జొరబడి విండోస్ ఎక్స్‌పీలోని ఆర్.పి.సి. అను ప్రాసెస్‌ను కూల్చెడిది. 60 సెకండ్లలో కంప్యూటరు ఆగిపోవునను హెచ్చరిక తెరపై కనబడెడిది. దానిని అరికట్టు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ జూలై 16ననే విడుదల చేసియుండెను! అది వేసికొననివారికి, ఆ ఒక్క నిమిషములో దానిని దింపుకొనుటయే గగనమైనది.

అయితే అప్‌డేట్ వలననే చిక్కు కలుగుటయు కద్దు. కావున మనము ముందుగా తేదీలు చూడవలెను. విండోస్ 10, 11లలోని రిలయబిలిటీ మానిటర్‌లో ఏ దినమున ఏది కూలినదో, ఏ అప్‌డేట్ చేరినదో కనబడును. అప్‌డేట్ చేరిన దినమునుండియే చిక్కు మొదలైనచో, సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ హిస్టరీకి పోయి ఆ ఒక్కదానిని తొలగించి చూడవచ్చును. విసుగుచెంది అప్‌డేట్లన్నిటిని ఆపివేయుట మాత్రము తగదని మా అభిప్రాయము. బ్లాస్టర్ వంటి వానికి అదియే రాజమార్గము.

పాసుపుస్తకముల నకళ్లు, పిల్లల సర్టిఫికెట్లు అందులోనే యున్నచో, ఈ పనులన్నిటికి ముందే వానిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొనవలెను.