నడుస్తున్న ప్రోగ్రామ్‌లో ఉన్న లైబ్రరీ ఏది?

సాఫ్ట్‌వేర్ అప్లికేషన్ ఆధారపడే ఇతరుల లైబ్రరీలను డిపెండెన్సీలు అంటారు. పైథాన్‌లో రిక్వైర్‌మెంట్స్ ఫైలు, జావాలో మేవెన్ వాడే పామ్ ఫైలు వీటి చిట్టాలు. చిట్టాలో రాసిన సరుకే సంచిలో ఉంటుందన్న హామీ లేదు. సర్వర్‌లో నిజంగా ఉన్నదేమిటో నడుస్తున్న ప్రోగ్రామ్ ద్వారానే తెలుసుకోవడాన్ని రన్‌టైమ్‌లో డిపెండెన్సీ సమాచారం చదవడం అంటారు.

ఈ నైపుణ్యం విలువ 2021 డిసెంబరులో ప్రపంచానికి తెలిసింది. జావా ప్రోగ్రామ్‌లు విస్తృతంగా వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో లాగ్‌ఫోర్‌షెల్ అనే లోపం బయటపడింది. తీవ్రతలో దానికి 10కి 10 వచ్చింది. సరిచేయడం కన్నా ముందు, ఆ లైబ్రరీ ఎక్కడెక్కడ ఉందో కనుక్కోవడమే చాలా సంస్థలకు కష్టమైంది. అది ఒక జార్ ఫైలులో, అంటే జావా కోడ్‌ను కట్టగట్టే ఫైలులో, మరో జార్‌గా, ఇంకో లైబ్రరీ వెంట వచ్చిన లైబ్రరీగా దాగి ఉండేది.

భాషను బట్టి దారి మారుతుంది. గో భాషలో 1.12 వెర్షన్ నుంచి రీడ్‌బిల్డ్‌ఇన్ఫో అనే ఫంక్షన్ ఉంది. బైనరీలోనే నిక్షిప్తమైన మాడ్యూళ్ల పేర్లు, వెర్షన్లు ఇస్తుంది. జావాలో జార్ లోపలి మ్యానిఫెస్ట్ ఫైలు నుంచి వెర్షన్ చదవవచ్చు, కానీ తయారుచేసినవారు రాయకపోతే నల్, అంటే ఖాళీ విలువ, వస్తుంది. డాట్‌నెట్‌లో అప్లికేషన్ పక్కనే ఉండే డెప్స్ జేసన్ ఫైలు ఆధారం.

కొత్తవారికి పైథాన్ అనుకూలం. 2019లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచి ఇంపోర్ట్‌లిబ్ మెటాడేటా అనే మాడ్యూల్ భాషతోపాటే వస్తోంది. ప్యాకేజీ పేరు ఇస్తే వెర్షన్ చెబుతుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఇన్‌స్టాల్ చేసే పేరు, ఇంపోర్ట్ చేసే పేరు వేరు కావచ్చు: పిల్లో అని ఇన్‌స్టాల్ చేస్తారు, పీఐఎల్ అని ఇంపోర్ట్ చేస్తారు. రెండోది ఇంకా లోతైనది. ఈ మాడ్యూల్ చదివేది డిస్క్ మీది ఫైళ్లను. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఎవరైనా పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో లైబ్రరీని అప్‌గ్రేడ్ చేస్తే మెటాడేటా కొత్త వెర్షన్ చూపిస్తుంది. కానీ మెమరీలో అప్పటికే లోడైన పాత కోడే, రీస్టార్ట్ చేసేవరకు, పనిచేస్తూ ఉంటుంది. లోపం సరిదిద్దామనుకున్న సర్వర్ ప్రమాదంలోనే ఉంటుందన్నమాట. ఇంటర్వ్యూలో ఈ తేడాను వివరించగల అభ్యర్థికి పుస్తక జ్ఞానం దాటిన అవగాహన ఉన్నట్టే.

వెర్షన్ల వివరాలను లాగిన్ అవసరం లేని పేజీలో పెట్టడం మాత్రం తప్పు. దాడి చేసేవారికి అదే దారి చూపుతుంది.

డెవ్‌ఆప్స్, అప్లికేషన్ సెక్యూరిటీ, ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగాల్లో ఈ నైపుణ్యం పనికొస్తుంది. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్‌పై, అంటే ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగాలున్నాయో తెలిపే జాబితాపై, మార్గదర్శకాలు విడుదల చేసింది. విద్యార్థులు తమ చివరి ఏడాది ప్రాజెక్టులోనే, ప్రోగ్రామ్ మొదలవగానే లైబ్రరీల వెర్షన్లను లాగ్ ఫైలులో రాసే పది వరుసల కోడ్ చేర్చి సాధన ప్రారంభించవచ్చు.