పెరటికోళ్ళ నట్టలు – దొడ్డినేల శుద్ధి

కాకినాడ పరిసర గ్రామములయందు భూవసతి గల రైతుల యిండ్లలో పశువులతోపాటు పది యిరువది నాటుకోళ్ళుండుట సామాన్యము. కళ్ళములో రాలిన గింజలు, నూకలు, తౌడు తిని, పశువులశాల చెంత పురుగుల నేరుకొని ఇవి పెరుగును. వీని గ్రుడ్లవలనను, పిల్లలవలనను వచ్చు పైకము తఱచుగా ఇంటి స్త్రీల చేతిఖర్చులకు ఆధారమగుచుండును. అయితే తొలకరి వానలు పడిన కొలది వారములకు, అంతవఱకు చలాకిగా తిరుగుచుండిన పిల్లలు చిక్కి, ఱెక్కలు వ్రేలవేసి, ఒకటి వెంట నొకటి చనిపోవుట కలదు. నట్టల మందు పోయించిన రైతు సహితము రెండు నెలలు గడచునప్పటికి మఱల ఆ దుస్థితినే చూచుచుండును. ఇది సాధారణముగా మందులోని లోపము కాదు. నట్టల గ్రుడ్లు కోడి తిరుగు నేలలో నిలిచియుండుటయే దీనికి ముఖ్యకారణము. నేలను శుద్ధిచేయక కోడికి మాత్రము మందు పోయుట, కాలువ గండి పూడ్చక చేనిలోని నీరు తోడుటవంటిది.

నట్టల రకములు

నాటుకోళ్ళ కడుపులో ముఖ్యముగా మూడు విధములైన నట్టలు కనబడును.

మొదటిది ఏలికపాము. శాస్త్రజ్ఞులు దీనిని అస్కరీడియా గల్లి యందురు. ఇది తెల్లగా, గుండ్రముగా, 2 మొదలు 4 అంగుళముల పొడవున నుండి చిన్నపేగులో నివసించును. హెచ్చుగా చేరినచో పేగునకే అడ్డుపడి కోడిని చంపును. మూడు నెలలలోపు పిల్లలకు దీనివలన కలుగు హాని మిక్కుటము. అరుదుగా ఇది గ్రుడ్డుసంచిలోనికి ప్రాకి, పెట్ట పెట్టిన గ్రుడ్డులోనే కనబడును. మనుష్యులకు దీనివలన రోగము రాదు గాని, అట్టి గ్రుడ్డును చూచినవారు ఆ యింట మఱల గ్రుడ్లు కొనరు.

రెండవది పేగు చివరనున్న జంటసంచులలో నుండు సన్ననిపురుగు. ఇది అర అంగుళము మాత్రమే యుండును. నాటుకోడికి దీనివలన బాధ స్వల్పము. కాని దీని గ్రుడ్లలో దాగి వచ్చు ఒక సూక్ష్మజీవి టర్కీకోళ్ళకు ప్రాణాంతకమైన కాలేయరోగమును కలిగించును. కావున ఈ రెండు జాతులను ఒకే దొడ్డిలో పెంచరాదు.

మూడవది బద్దెపురుగు. దీని తునకలు రెట్టలో బియ్యపు గింజలవలె కనబడును. దీని గ్రుడ్డును నేరుగా తిన్నచో కోడికి పురుగు పట్టదు. చీమలు, పేడపురుగులు, ఈగలు, నత్తలు దానిని తినగా, వానిని కోడి తినినప్పుడే పురుగు పట్టును.

నేలలో జరుగు పని

ఏలికపాము గ్రుడ్లు రెట్టతోపాటు నేలపై పడును. అప్పుడే పడిన గ్రుడ్డు హాని చేయజాలదు. దానిలో పిల్లపురుగు తయారగుటకు తడియు, వెచ్చదనమును, గాలియు కావలెను. ఇందులకు సామాన్యముగా 10 మొదలు 20 దినములు పట్టును. మిక్కిలి అనుకూలమైన వేడిలో ఇంకను త్వరగా తయారగును. పిమ్మట ఆ గ్రుడ్డు నీడగల తడినేలలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు మించియు బ్రదికియుండును. వానపాములు దానిని మ్రింగి దాచియుంచగా, వానిని తినిన కోడికి అది చేరుటయు కలదు. కోడి కడుపులో పగిలిన గ్రుడ్డునుండి వెడలిన పిల్లపురుగు కొన్ని దినములు పేగుగోడలో దూరి, దానిని పుండుచేసి, 5 మొదలు 8 వారములకు పెద్దదై తానును గ్రుడ్లు పెట్టనారంభించును.

రైతు గమనింపవలసిన విషయ మిదియే. రెట్టలోని గ్రుడ్డు విషమగుటకు పూర్వమే ఆ రెట్టను తీసివేసినచో నట్టల గొలుసు తెగిపోవును. అనపర్తి, తణుకు ప్రాంతముల గ్రుడ్ల ఫారములలో కోళ్ళను తీగపంజరములం దుంచుటచే రెట్ట క్రిందికి పోవును. కోడి దానిని ముట్టజాలదు. అచ్చట ఏలికపాముల బాధ మిక్కిలి తక్కువగుటకు కారణ మిదియే. ఈగలవలన వచ్చు బద్దెపురుగు మాత్రము పంజరములోని కోడికిని పట్టవచ్చును.

కరప, కాజులూరు, తాళ్ళరేవు వైపు డెల్టా నల్లరేగడులు వాన వెలసిన పిదపను చాలకాలము తడినార్చుకొనవు. కొబ్బరి, అరటి నీడలు దీనికి తోడగును. ఇట్టి దొడ్లు నట్టల గ్రుడ్లకు అనువైన తావులు. జగ్గంపేట, ప్రత్తిపాడు వైపు మెట్టనేలలు త్వరగా ఆరుటచే అచ్చట ఈ బాధ కొంత తగ్గవచ్చును గాని, నీటికుండ చుట్టును, పెంటకుప్ప చుట్టును ఉండు బురద ఎచ్చటనైనను ఒక్కటియే.

గుర్తించు విధము

నట్టలు పట్టిన కోడి మేత తినుచుండియు చిక్కిపోవును. జుట్టు పాలిపోవును, ఈకలు రేగియుండును, విరేచనములగును, గ్రుడ్లు తగ్గును. కొక్కెర తెగులు అట్లుగాక కొలది దినములలోనే పెక్కు కోళ్ళను చంపును. అందు పచ్చని రెట్టయు, మెడ మెలిదిరుగుటయు కనబడును. రెట్టలో రక్తము కనబడిన యెడల అది వేఱొక వ్యాధి కావచ్చును. ఇంట కోసిన కోడి పేగును నిలువున చీల్చి, నీళ్ళపళ్ళెములో నుంచి చూచినచో ఏలికపాములు స్పష్టముగా కనబడును. అనుమానమున్నచో క్రొత్త రెట్టను పశువైద్యశాలకు పంపి పరీక్ష చేయింపవలెను.

నేలశుద్ధి

1. కోళ్ళు రాత్రివేళ ఒకేచోట నుండుటచే రెట్ట అచ్చట హెచ్చుగా చేరును. గూటి అడుగున వెదురు తడక నేలకు ఎత్తుగా కట్టి, క్రింద పొడి ఊక పఱచి, ప్రతిదినము ఉదయమున రెట్టను తీయవలెను.

2. ఆ రెట్టను కోళ్ళు కెలకలేని గోతిలో పేడతోను, చెత్తతోను కలిపి కుప్పవేయవలెను. కుప్ప నడుమ చేయి పెట్టలేనంత వేడి పుట్టినచో నట్టల గ్రుడ్లు చచ్చును. పైభాగము చల్లగా నుండును గనుక కుప్పను తిరుగవేయుట అవసరము.

3. మేతను నేలపై చల్లక తొట్టెలో పెట్టవలెను. నీటిపాత్రను ఇటుకలపై నుంచి, చుట్టును ముతకయిసుక పోయవలెను.

4. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములే దొడ్డిపనికి తగినవి. రోహిణీకార్తెకు ముందే దొడ్డి పైమట్టిని 2, 3 అంగుళముల మేర చెక్కి, కోళ్ళు పోని వరిచేనికి తోలవలెను. మిగిలిన నేలను త్రవ్వి, కొమ్మలు నఱికి, ఎండ తగులునట్లు చేయవలెను. తీవ్రమైన ఎండకును, పొడితనమునకును ఈ గ్రుడ్లు తాళజాలవు. తొలకరికి ముందు మెఱకచేసి, నీరు నిలువకుండ వాలు కల్పింపవలెను.

5. స్థలము గల రైతు దొడ్డిని మూడు మడులుగా దడికట్టి, ఒక్కొక్క మడిలో కోళ్ళను మార్చుచు, ఖాళీమడిలో తోటకూర మొదలగునవి వేయుట మేలు.

సున్నము, ఫినాయిలు చల్లి ఊరకుండుట తగదు. ఏలికపాము గ్రుడ్డుపెంకు మిక్కిలి దట్టమైనదగుటచే సామాన్యములైన మందునీళ్ళు దానిని చంపజాలవు. తొట్టెలకును, తడకలకును సలసల కాగిన నీరు పోయుట నమ్మదగిన పద్ధతి.

పిల్లల విషయము

పెద్దకోళ్ళు నట్టల నోర్చుకొని పైకి ఆరోగ్యముగా కనబడుచునే దినదినము గ్రుడ్లను నేలపై విడుచుచుండును. కావున పిల్లలను మూడు నెలలు నిండువఱకు పెద్దకోళ్ళు తిరుగని నేలపై పెంచుట ముఖ్యము. పొదుగు తల్లికి ముందే మందు పోయించి, పిల్లలతో శుభ్రమైన చోట గంపక్రింద నుంచవలెను. విటమిను ఎ లోపించిన పిల్లలలో ఏలికపాములు హెచ్చగును. మునగాకు, తోటకూర సన్నగా తఱిగి పెట్టుట మంచిది. వనరాజా, గ్రామప్రియ మొదలగు మేలుజాతి పిల్లలను కొనిననాడును ఈ నియమమే వర్తించును.

మందు

పైపరజీన్ ఏలికపాములకే పనిచేయును. ఫెన్‌బెండజోల్ గుండ్రనిపురుగులలో పెక్కింటికి పనిచేయును. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ వంటి వేఱు మందు కావలెను. ఏ మందైనను పశువైద్యుడు కోడి బరువునుబట్టి చెప్పిన మోతాదుననే ఈయవలెను. తక్కువ మోతాదు పలుమాఱు ఇచ్చినచో నట్టలు మందునకు లొంగకుండ పోవును. పేగుగోడలో దాగిన పిల్లపురుగులు తప్పించుకొనవచ్చును గనుక రెండు మూడు వారములకు మఱల మందు అవసరమగును. కొక్కెర తెగులు టీకాకు ఒక వారము ముందు నట్టల మందు పోయుట వాడుక. మందిచ్చిన పిదప గ్రుడ్లను, మాంసమును ఎన్ని దినములు వాడరాదో వైద్యునివలన తెలిసికొనవలెను.

మందిచ్చిన తరువాత రెండు దినములు కోళ్ళను వెలుపల విడువరాదు. వెడలిన పురుగులును, వాని గ్రుడ్లును ఆ రెట్టలోనే యుండును. దానిని పూర్తిగా తీసి గోతిలో వేసి, తరువాతనే కోళ్ళను శుద్ధిచేసిన నేలపైకి విడువవలెను. ఈ యొక్క పని మఱచిన రైతు మందుకై పెట్టిన పైకమును దొడ్డిలోనే పాఱవేసినవాడగును.

సంగ్రహముగా చెప్పవలెనన్న, ప్రతిదినము రెట్ట తీయుట, వేసవిలో పైమట్టి మార్చుట, పిల్లలను వేఱుగా పెంచుట, తొలకరికి ముందు తగిన మందు ఇచ్చుట అను నాలుగును కలిసి జరిగిననే ఫలము. వీనిలో మందొక్కటియే పైకముతో కొనవలసినది; తక్కినవన్నియు రైతు యింటి పారతోను, గంపతోను జరుగు పనులే.